ట్రాక్టరు సర్వీసింగ్: షోరూమ్‌ను ఎంతవరకు నమ్మాలి? రైతు ఏం చూసుకోవాలి?

ట్రాక్టరు కొనే ముందు నాలుగు షోరూములు తిరుగుతాం. ఇప్పటికే కొన్నవాళ్లను అడుగుతాం. ధర దగ్గర, వడ్డీ దగ్గర గట్టిగా బేరమాడతాం. కొన్నాక సర్వీసుకు ఇచ్చేటప్పుడు మాత్రం తాళం వాళ్ల చేతికిచ్చి వచ్చేస్తాం. సాయంత్రం వెళ్లి బిల్లు కట్టి తెచ్చుకుంటాం. మధ్యలో ఏ ఆయిల్ పోశారో, ఏ ఫిల్టరు మార్చారో, అసలు మార్చారో లేదో చాలామందికి తెలియదు.

మన కోనసీమలో సన్నకారు రైతుకు ట్రాక్టరు ఉత్త యంత్రం కాదు. దసరాకు పసుపు కుంకుమ పెట్టి, దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తాం. సొంత రెండు మూడెకరాలు దున్నుకోవడంతోపాటు పక్క రైతుల చేలలో దమ్ము చేస్తేనే బ్యాంకు వాయిదా తీరుతుంది. ఊడ్పుల సమయంలో వారం రోజులు అది మూలపడితే మన ఆకుమడి ముదిరిపోతుంది, ఒప్పుకున్న చేలు వేరేవాళ్ల చేతికి పోతాయి. అందుకే సర్వీసింగ్‌ను ఎరువుల మోతాదు అంత శ్రద్ధగా చూడాలి.

షోరూమ్‌ను అనుమానించమని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అక్కడ శిక్షణ పొందిన మెకానిక్కులు, సరైన పరికరాలు, అసలైన విడిభాగాలు ఉంటాయి. అయితే ఆ నమ్మకానికి కాగితం మీద ఆధారం ఉండాలి, పని మన కళ్ల ముందు జరగాలి. ఈ రెండూ ఉంటే షోరూమ్‌కూ మంచిదే, మనకూ మంచిదే.

దమ్ము చేసే ట్రాక్టరుకు సర్వీసు త్వరగా వస్తుంది

ట్రాక్టరు సర్వీసును కిలోమీటర్లతో కాదు, అవర్ మీటరు చూపే గంటలతో లెక్కిస్తారు. చాలా మోడళ్లకు మొదటి సర్వీసు సుమారు 50 గంటలకు, ఆ తర్వాత ఆయిల్ మార్పు సుమారు 250 గంటలకు ఒకసారి వస్తుంది. మోడల్‌ను బట్టి ఇది మారుతుంది కాబట్టి మీ ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకంలో ఉన్నదే ప్రమాణం. గంటలు, నెలలు రెండూ రాసి ఉంటే ఏది ముందు వస్తే దాన్నే పాటించాలి.

సార్వా దమ్ముల్లో రోజుకు 10 గంటలు నడిస్తే 250 గంటలు 25 రోజుల్లో పూర్తవుతాయి. అంటే ఒక్క సీజన్‌లోనే ఒక సర్వీసు దాటిపోతుంది. ‘ఆరు నెలలకోసారి చేయిస్తున్నాం కదా’ అనుకునే రైతు తెలియకుండానే గడువు దాటేస్తాడు.

పైగా డెల్టా నేలల్లో ఇనుప చక్రాలతో దమ్ము చేయడం ట్రాక్టరుకు చాలా కష్టమైన పని. బురద నీరు ముందు చక్రాల హబ్బుల్లోకి, వెనుక యాక్సిల్ సీళ్లలోకి చేరుతుంది. రేడియేటరు రెక్కల మధ్య బురద ఎండిపోతే ఇంజిన్ వేడెక్కుతుంది. క్లచ్ హౌసింగ్ అడుగున రంధ్రం ఉన్న మోడళ్లలో దమ్ముకు ముందు దాన్ని బిరడాతో మూయాలి, సీజన్ అయ్యాక తీయాలి. మెట్ట ప్రాంతంలో ఈ సంగతి ఎవరూ పట్టించుకోకపోవచ్చు. కాబట్టి సర్వీసుకు ఇచ్చేటప్పుడు ‘ఇది దమ్ము బండి’ అని చెప్పి, హబ్బులు, సీళ్లు, యాక్సిల్ ఆయిల్ ప్రత్యేకంగా చూడమని అడగాలి.

ఏది షోరూమ్‌లో, ఏది ఊళ్లో?

వారంటీ ఉన్నంతకాలం పుస్తకంలో రాసిన సర్వీసులన్నీ అధీకృత డీలరు దగ్గరే చేయించి, ప్రతిసారీ సర్వీసు పుస్తకంలో ముద్ర, తేదీ, గంటలు వేయించుకోవాలి. ఒక్క సర్వీసుకు రుజువు లేకపోయినా రేపు గేర్‌బాక్సు పోయినప్పుడు ఆ మాటే అడ్డు వస్తుంది.

వారంటీ దాటాక కొన్ని పనులు ఊళ్లోని మంచి మెకానిక్ చేత చేయించుకోవచ్చు. గ్రీజు పెట్టడం, ఆయిల్, ఫిల్టర్ల మార్పు, క్లచ్, బ్రేకుల సర్దుబాటు, ఫ్యాను బెల్టు, వైరింగ్ వంటివి ఈ కోవలోకి వస్తాయి. డీజిల్ పంపు, నాజిళ్లు, హైడ్రాలిక్ లిఫ్టు లోపలి భాగాలు, గేర్‌బాక్సు విప్పడం వంటివి మాత్రం తగిన పరికరాలు ఉన్నచోటే చేయించాలి.

50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి ట్రెమ్–4 పొగ ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. ఈ తరహా ఇంజిన్లలో డీజిల్ సరఫరాను కంప్యూటర్ బోర్డు, సెన్సర్లు నడుపుతాయి. లోపం ఎక్కడుందో తెలుసుకోవడానికి కంపెనీ పరికరం పెట్టి చూడాల్సిందే. వీటిని కడిగేటప్పుడు బోర్డు మీద, వైర్ల జాయింట్ల మీద నీటి ధార కొట్టకూడదు. ట్రాక్టరుకు వెల్డింగ్ చేయించాల్సి వస్తే ముందు బ్యాటరీ వైర్లు విప్పాలి.

డీలరును ఎంచుకునేటప్పుడు దూరం కూడా చూడాలి. మన మండలం గౌతమికి ఈ ఒడ్డున ఉంది. రామచంద్రపురం, కాకినాడ వైపు వెళ్లడం తేలిక. అమలాపురం వెళ్లాలంటే కోటిపల్లి రేవు దాటాలి, లేదా యానాం–ఎదుర్లంక వారధి మీదుగా చుట్టు తిరగాలి. ధరలో నాలుగు వేలు తగ్గించిన డీలరు కంటే, జులైలో ఫోన్ చేస్తే మెకానిక్‌ను చేను గట్టుకు పంపే డీలరు మేలు. కొనే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే: మా ఊరికి సర్వీసు మెకానిక్ వస్తాడా? ఎన్ని గంటల్లో వస్తాడు?

‘ఉచిత సర్వీసు’లో ఏది ఉచితం?

కొత్త ట్రాక్టరుతో ఇచ్చే ఉచిత సర్వీసు కూపన్లలో సాధారణంగా కూలీ మాత్రమే ఉచితం. ఆయిల్, ఫిల్టర్లు, గ్రీజు ఖర్చు రైతుదే. ఈ సంగతి ముందే తెలిస్తే బిల్లు చూసి గొడవపడే పని ఉండదు.

కూపన్ చిన్న కాగితమే అయినా దానికి డబ్బు విలువ ఉంది. సంతకం చేసిన కూపన్‌ను చూపి డీలరు కంపెనీ నుంచి ఆ సర్వీసు కూలీ తీసుకుంటాడు. కాబట్టి పని పూర్తికాకముందే సంతకం చేయవద్దు. కొన్నిచోట్ల ఒకేసారి రెండు మూడు కూపన్లు చించి తీసుకుంటారు. అలా ఇవ్వకూడదు. ఒక సర్వీసుకు ఒక కూపన్, దాని మీద ఆ రోజు అవర్ మీటరు అంకె ఉండాలి.

బండి అప్పగించే ముందు

1. అవర్ మీటరు కనిపించేలా ఫోన్‌లో ఫోటో తీసుకోండి. నాలుగు వైపుల నుంచి ట్రాక్టరు ఫోటోలు కూడా తీయండి.
2. బ్యాటరీ మీది నంబరు, టైర్ల నంబర్లు రాసుకోండి. డీజిల్ ఎంత ఉందో చూసుకోండి.
3. టాప్ లింకు, పిన్నులు, పనిముట్ల పెట్టె వంటివి ఇంట్లోనే ఉంచండి, లేదా ఏమేం ఇచ్చారో రాయించండి.
4. పాత ఇంజిన్ ఆయిల్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు మీద రంగుతో చిన్న గుర్తు పెట్టండి. సర్వీసు తర్వాత ఆ గుర్తు ఇంకా కనిపిస్తే ఫిల్టరు మారలేదని అర్థం.
5. ట్రాక్టరును కడిగి ఇవ్వండి. బురద కింద ఆయిల్ కారుడు కనిపించదు.

జాబ్ కార్డు రాయించుకోవడం ఎలా?

జాబ్ కార్డు అంటే ట్రాక్టరును ఏ పనికి ఇచ్చామో రాసే కాగితం. దాని నకలు లేకుండా తాళం ఇవ్వకూడదు. అందులో తేదీ, అవర్ మీటరు అంకె, ఛాసిస్ నంబరు, మనం చెప్పిన ఇబ్బందులు, అంచనా ఖర్చు, తిరిగి ఇచ్చే తేదీ ఉండాలి.

ఇబ్బందిని ఎంత స్పష్టంగా చెబితే మరమ్మతు అంత సరిగా జరుగుతుంది. ‘లిఫ్టు బాగోలేదు’ అని రాయిస్తే మెకానిక్‌కు ఏమీ అర్థం కాదు. ‘రెండు గంటలు నడిచి వేడెక్కాక, రోటావేటరును పైకెత్తి ఉంచితే రెండు నిమిషాల్లో కిందికి జారుతోంది, ఉదయం చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉంటోంది’ అని రాయించండి. ఎప్పుడు, ఏ పనిలో, ఏ గేరులో, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా అనే నాలుగు సంగతులు తెలిస్తే సగం లోపం దొరికినట్టే. ట్రాక్టరును కూలీ డ్రైవరు నడిపితే సర్వీసుకు అతన్ని కూడా తీసుకెళ్లండి. శబ్దంలో తేడా అతనికే ముందు తెలుస్తుంది.

‘అంచనా దాటిన ఏ పనికైనా ముందు నాకు ఫోన్ చేసి అడగాలి’ అనే వాక్యం కార్డు మీద తప్పక రాయించండి. విప్పాక కొత్త లోపం బయటపడటం సహజమే. ఆ భాగాన్ని మనకు చూపించి, ధర చెప్పి, మనం ఒప్పుకున్నాకే మార్చాలి.

సర్వీసు జరుగుతున్నప్పుడు

వీలైనంతవరకు దగ్గరే ఉండండి. మెకానిక్‌కు అడ్డం పడకుండా మూడు సంగతులు గమనిస్తే చాలు.

మొదటిది, పాత ఆయిల్ తీయడం. ఇంజిన్ కొంచెం వేడిగా ఉన్నప్పుడు తీస్తే మడ్డి కూడా బయటకు వస్తుంది. తీసిన ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే అందులో నీరు కలిసిందని అర్థం. కొత్త ఆయిల్ పోసి ఊరుకోకుండా నీరు ఎటు నుంచి వచ్చిందో వెతకమనాలి.

రెండోది, కొత్త ఆయిల్. సీలు ఉన్న డబ్బాను మన ముందే తెరవాలి. మీ ఇంజిన్‌కు ఎన్ని లీటర్లు పడుతుందో పుస్తకంలో ఉంటుంది. బిల్లులో లీటర్లతో సరిచూసుకోండి. ఆయిల్ గ్రేడు కూడా పుస్తకంలో రాసినదే కావాలి. ముఖ్యంగా ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకులున్న ట్రాక్టర్లలో గేర్లకు, బ్రేకులకు, హైడ్రాలిక్‌కు సాధారణంగా ఒకే ఆయిల్ పనిచేస్తుంది. చవకగా వస్తుందని మామూలు గేర్ ఆయిల్ పోస్తే బ్రేకులు అరుస్తాయి, ప్లేట్లు త్వరగా అరుగుతాయి.

మూడోది, గాలి ఫిల్టరు. పొడి కాగితపు ఫిల్టరును నేలకేసి కొట్టడం, ఎక్కువ ఒత్తిడితో గాలి కొట్టడం వల్ల కాగితం చిరుగుతుంది. కంటికి కనిపించని చిరుగు నుంచి దుమ్ము లోపలికి పోయి పిస్టన్ రింగులను తినేస్తుంది. తక్కువ ఒత్తిడితో లోపలి నుంచి బయటికి గాలి కొట్టాలి.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. ‘ఆయిల్ మార్చిన రెండో రోజే నల్లబడింది, వాళ్లు మార్చనే లేదు’ అని కొందరు రైతులు షోరూమ్‌తో గొడవపడతారు. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ కొద్ది గంటల్లోనే మసి పట్టి నల్లబడుతుంది. అది ఆయిల్ తన పని తాను చేస్తోందనడానికి గుర్తు. రంగు చూసి మోసం జరిగిందని చెప్పలేం. ఎదురుగా నిలబడి చూడటం, డబ్బాలు లెక్కపెట్టడం, ఫిల్టరు మీద గుర్తు పెట్టడం మాత్రమే రుజువు.

బండి తీసుకునేటప్పుడు

1. మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని కొద్ది దూరం నడపండి. రెండు బ్రేకులు సమానంగా పడుతున్నాయో లేదో చూడండి. లిఫ్టుకు బరువు తగిలించి ఎత్తి చూడండి.
2. ఇంజిన్ ఆపి కాసేపు ఆగాక గేజీ పుల్లతో ఆయిల్ మట్టం చూడండి. కింద ఎక్కడైనా చుక్కలు పడుతున్నాయేమో గమనించండి.
3. మార్చిన పాత భాగాలు అడిగి తీసుకోండి. వారంటీ కింద మార్చినవి మాత్రం కంపెనీకి పంపాలి కాబట్టి మనకు ఇవ్వరు.
4. బిల్లులో ప్రతి భాగం పేరు, నంబరు, ధర విడివిడిగా ఉండాలి. ‘సర్వీసు ఖర్చు’ అని ఒకే అంకె వేసిన బిల్లు తీసుకోవద్దు.
5. తర్వాతి సర్వీసు ఎన్ని గంటలకో పుస్తకంలో రాయించుకోండి.

బిల్లులో పన్ను కూడా చూసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి, ట్రాక్టరు టైర్లు, పలు విడిభాగాల మీద 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఇంజిన్ ఆయిల్, కూలీ ఈ తగ్గింపు కిందికి రావు.

వారంటీని పోగొట్టే పనులు

వారంటీ అంటే తయారీ లోపానికి కంపెనీ ఇచ్చే హామీ. వాడకంలో అరిగే క్లచ్ ప్లేటు, ఫిల్టర్లు, రబ్బరు గొట్టాలు, బల్బులకు సాధారణంగా అది వర్తించదు. టైర్లు, బ్యాటరీలకు వాటిని తయారుచేసిన కంపెనీల వారంటీ వేరుగా ఉంటుంది. వాటి కార్డులు విడిగా దాచుకోవాలి.

బండి ఇంకా లాగాలని కొందరు కుర్రాళ్లు డీజిల్ పంపు సీలు తెంచి డీజిల్ పెంచుతారు. నల్ల పొగ వస్తే బలం పెరిగిందని సంబరపడతారు. ఆ పొగ కాలని డీజిల్. దానివల్ల ఇంజిన్ మితిమీరి వేడెక్కి పిస్టన్లు, హెడ్ గ్యాస్కెట్ దెబ్బతింటాయి. పంపు సీలు తెగితే కంపెనీ వారంటీ ఇవ్వదు. సౌండు బాక్సులకు, అదనపు లైట్లకు అసలు వైరింగ్ కోసి కలపడం, అవర్ మీటరు వైరు తీసేయడం, పుస్తకంలో చెప్పని సైజు టైర్లు వేయడం కూడా ఇలాంటివే. ఇంట్లో ట్రాక్టరు నడిపే పిల్లలకు ఈ సంగతి చెప్పి ఉంచండి.

వరద నీటిలో మునిగితే

2022 జులైలో వచ్చినట్టు గోదావరి వరద వస్తే లంకల్లో, ఏటిగట్టు పక్క ఊళ్లలో ట్రాక్టర్లు మునిగే ప్రమాదం ఉంది. హెచ్చరిక రాగానే బండిని మెరకకు చేర్చాలి. అయినా మునిగితే నీరు తీశాక స్టార్టు చేయవద్దు. ఒక్కసారి సెల్ఫ్ కొట్టినా సిలిండర్‌లోని నీటికి కనెక్టింగ్ రాడ్డు వంగిపోవచ్చు. బ్యాటరీ వైర్లు విప్పి, ఫోటోలు తీసి, ముందు బీమా కంపెనీకి తెలియజేయాలి. ఆ తర్వాత లాగించుకుని షోరూమ్‌కు తీసుకెళ్లి ఆయిళ్లు, డీజిల్ అన్నీ తీయించి శుభ్రం చేయించాలి. ఎదుటివారికి జరిగే నష్టానికి మాత్రమే కట్టే థర్డ్ పార్టీ బీమాలో వరద నష్టం రాదు. మీ పాలసీ ఏదో ఇప్పుడే చూసుకోండి.

పని సరిగా జరగకపోతే

ముందు జాబ్ కార్డు, బిల్లు పట్టుకుని సర్వీసు మేనేజరును కలవండి. చాలా సమస్యలు అక్కడే తీరతాయి. తీరకపోతే కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. వారంటీ వర్తించదని అంటే కారణం రాసి ఇవ్వమని అడగండి.

అప్పటికీ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. సమస్య వచ్చిన రెండేళ్లలోపు వేయాలి. చెల్లించిన విలువ 5 లక్షల రూపాయల వరకు ఉంటే ఫీజు లేదు.

‘నేను ట్రాక్టరును కిరాయికి కూడా తిప్పుతాను, నాకు ఈ చట్టం వర్తిస్తుందా?’ అని రైతులు అడుగుతుంటారు. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే కొన్న వస్తువును వ్యాపార అవసరంగా చూడరాదని చట్టంలోనే ఉంది. సొంతంగా నడుపుకునే ఆటో కొన్నవాడు వినియోగదారుడేనని, ఒకరిద్దరి సాయం తీసుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదని సుప్రీంకోర్టు 1995లో వివరించింది. విత్తనాల విషయంలో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్‌పై మన ఆంధ్రప్రదేశ్ రైతులు పోరాడిన కేసులో, రైతు వినియోగదారుల ఫోరాన్ని ఆశ్రయించవచ్చని 2012లో తేల్చింది. డ్రైవర్లను పెట్టి పది ట్రాక్టర్లు తిప్పే వ్యాపారానికి మాత్రం ఈ రక్షణ ఉండదు.

యంత్రాన్ని బాగుచేసుకునే సమాచారం రైతుకు అందాలన్న చర్చ ప్రపంచమంతా నడుస్తోంది. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాల కోసం ఇందుకు ప్రత్యేక చట్టం చేసింది. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ ప్రారంభించింది. అందులో వ్యవసాయ యంత్రాలు కూడా ఒక విభాగం.

ఎప్పుడు చేయించాలి?

జూన్‌లో కాలువకు నీరు వచ్చాక అందరూ ఒకేసారి షోరూమ్‌కు పరుగెడతారు. మెకానిక్కులు కొద్దిమంది, ట్రాక్టర్లు ఎక్కువ. హడావుడిలో చేసిన పనిలో లోపం ఉండే అవకాశమూ ఎక్కువే. దాళ్వా కోతలయ్యాక, కాలువలు కట్టేసిన సమయంలో, మే నెలాఖరులోపు పెద్ద సర్వీసు చేయించుకోండి. దమ్ములు ముగిశాక హబ్బులు, సీళ్లు, యాక్సిల్ ఆయిల్ ఒకసారి చూపించండి. దాళ్వా దమ్ములకు ముందు అవర్ మీటరు చూసి అవసరమైతే ఆయిల్ మార్పించండి.

ట్రాక్టరు నడపడం, నిర్వహణ నేర్చుకోవాలనుకునే యువ రైతులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ శిక్షణ ఇస్తోంది. ఇంటికి ఒక్కరు నేర్చుకున్నా షోరూమ్‌లో ఏం అడగాలో తెలుస్తుంది. శిక్షణ వివరాలకు, బిల్లు లేదా వారంటీ కార్డులో అర్థం కాని సంగతులకు మీ రైతు సేవా కేంద్రంలోని వ్యవసాయ సహాయకులను సంప్రదించండి. వెళ్లేటప్పుడు సర్వీసు పుస్తకం, జాబ్ కార్డులు, బిల్లులు వెంట తీసుకెళ్లండి.